కుక్కగొడుగులో మందు ఎందుకు వెతుకుతారు?

మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడేసరికి పుంతల పక్కన, కొబ్బరి తోటల్లో, పాత గడ్డిమేట్ల అడుగున పుట్టగొడుగులు లేస్తాయి. వాటి వెనుకే ఈ శీర్షికకు ఉత్తరాలూ వస్తాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ భాగం విషపు పుట్టగొడుగుల చుట్టూ తిరుగుతున్నందువల్ల తక్కిన విషయాలను వచ్చే సంచికకు వాయిదా వేసి, చోటంతా వీటికే ఇస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: నేను అమలాపురంలో బి.ఎస్సీ. కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా నానమ్మ పుట్ట మీద లేచిన గొడుగులను మాత్రమే కూరకు తెస్తుంది; తక్కినవన్నీ కుక్కగొడుగులంటూ కాలితో తన్నేస్తుంది. విషపు పుట్టగొడుగుల నుంచి కొత్త మందులు కనుక్కుంటున్నారని మా లెక్చరర్ గారు చెప్పారు. తినదగినవి ఇన్ని ఉండగా విషం ఉన్నవాటిలో ఎందుకు వెతుకుతారు? అన్ని వందల పదార్థాల మధ్య ఆ ఒక్క విషాన్ని ఎలా పట్టుకుంటారు సార్?

జవాబు: ముందుగా మీ నానమ్మగారికి నా నమస్కారం చెప్పండమ్మా. పుట్ట మీద లేచే గొడుగు కనుకనే తెలుగులో అది పుట్టగొడుగు అయింది. చెదపురుగులు పుట్ట లోపల, తాము నమిలి పోగుచేసిన కర్రపొట్టు మీద, ఒక శిలీంధ్రాన్ని సాగు చేసుకుంటాయి; తొలకరి తేమ తగలగానే ఆ తోట నుంచి టెర్మిటోమైసిస్ జాతి గొడుగు పైకి వస్తుంది. దాని కాడ వెంట మట్టిని నెమ్మదిగా తవ్వుకుంటూ పోతే అది వేరులా సన్నబడి చెదల గూటిదాకా దిగి కనిపిస్తుంది. మీ నానమ్మగారు గొడుగు అందం కన్నా అది ఎక్కడ లేచిందన్నదానికి విలువనిస్తున్నారన్నమాట. అది చాలావరకు మంచి పద్ధతే, అయితే పుట్ట పక్కన మరొక జాతి లేవకూడదన్న నియమమేమీ లేదని మాత్రం ఆమెకు చెప్పండి.

ఇక మీ ప్రశ్న. ఒక మొక్కనో శిలీంధ్రాన్నో తెచ్చి, సారం తీసి, అందులో శరీరం మీద పనిచేసే పదార్థం ఏదైనా ఉందేమోనని వెతికితే చాలాసార్లు ఏమీ దొరకదు. విషపు పుట్టగొడుగు విషయంలో ఆ సగం పని, తిని ప్రాణం పోగొట్టుకున్నవారి వల్ల, ముందే జరిగిపోయి ఉంటుంది. అందులో పనిచేసే అణువు ఒకటి ఉన్నదని తెలుసు. ప్రాణాంతకమైన విషాలలో చాలావాటి విషయంలో ఇంకా ఎక్కువే తెలుసు: ఆ అణువు కూర ఉడికిన వేడిని తట్టుకుంది, కడుపులోని ఆమ్లానికీ జీర్ణరసాలకూ లొంగలేదు, పేగు గోడ దాటి రక్తంలో కలిసింది, ఏదో ఒక అవయవాన్ని చేరి అక్కడి కణాలలో ఒక ముఖ్యమైన పనిని ఆపివేసింది. నోటితో మింగే మాత్రను తయారుచేసేవారు ఏళ్ల తరబడి తంటాలు పడేది ఈ గుణాల కోసమే. తినదగిన పుట్టగొడుగు రుచిగా ఉన్నంత మాత్రాన వాటిలో ఒక్క గుణమైనా దానికి ఉన్నట్టు తేలదు.

పట్టుకునే పద్ధతి చెప్పడానికి తేలిక, చేయడానికి విసుగు. పుట్టగొడుగులను కిలోల కొద్దీ సేకరించి, మెథనాల్ వంటి ద్రావణిలో నానబెట్టి, వచ్చిన సారాన్ని నీటిలో కరిగేది, కొవ్వును కరిగించే ద్రావణులలో కరిగేది అంటూ భాగాలుగా విడదీస్తారు. ఎలుక మీదనో, గాజు పళ్లెంలో పెంచిన కణాల మీదనో ఏ భాగం విషలక్షణం చూపిస్తే దానిని మాత్రమే తీసుకుని, పదార్థాలను వేర్వేరు వేగాలతో కదిలించే క్రొమటోగ్రఫీ గొట్టం గుండా పంపి మళ్లీ విడదీసి, ప్రతి భాగాన్నీ మళ్లీ పరీక్షిస్తారు. ఇలా కిలోల నుంచి మిల్లీగ్రాములకు దిగేసరికి ఒకే ఒక పదార్థం మిగలాలి. అప్పుడు దాని అణుభారాన్ని మాస్ స్పెక్ట్రోమీటరుతోనూ, పరమాణువుల అమరికను అయస్కాంత క్షేత్రం సాయంతో చూపే ఎన్‌ఎమ్‌ఆర్‌తోనూ, స్ఫటికం దొరికే అదృష్టం ఉంటే ఎక్స్ కిరణాలతోనూ తేలుస్తారు.

జర్మనీలోని మ్యూనిక్‌లో హైన్‌రిఖ్ వీలాండ్ ప్రయోగశాల, ఐరోపా అడవులలో ఓక్ వంటి చెట్ల కింద లేచే అమానిటా ఫల్లాయిడిస్ అనే విషపు పుట్టగొడుగు మీద ఇలాగే పనిచేసింది. 1937లో ఫియొడోర్ లీనెన్, ఉల్రిఖ్ వీలాండ్ దానినుంచి ఫల్లాయిడిన్ అనే విషాన్ని స్ఫటికరూపంలో వేరుచేశారు. (ఈ లీనెన్ తరువాత హైన్‌రిఖ్ వీలాండ్‌కు అల్లుడయ్యాడు, మామకు 1927లో వచ్చిన నోబెల్ బహుమతి అల్లుడికి వేరొక పనికి 1964లో వచ్చింది.) తీరా చూస్తే, ఆ పుట్టగొడుగు తిన్నవారిని చంపేది ఫల్లాయిడిన్ కాదు. సూదితో ఎక్కించినప్పుడు అది ఎలుకను కొద్ది గంటల్లోనే చంపుతుంది కాబట్టి ఎలుకల పరీక్షలో ముందుగా కంటబడింది. నోటి ద్వారా వెళ్లినప్పుడు పేగు నుంచి రక్తంలోకి దాదాపు ఎక్కదు. అసలు హంతకి అయిన అమానిటిన్ నెమ్మదిగా చంపుతుంది, కనుక 1941లో గాని చేతికి చిక్కలేదు. మనం పెట్టుకున్న పరీక్ష ఎటువంటిదో దొరికే పదార్థమూ అటువంటిదే అవుతుందన్న ఈ సంగతిని మీరు ప్రయోగశాలలో అడుగుపెట్టబోయే ముందు గుర్తుంచుకుంటే మంచిది.

అలాగని ఫల్లాయిడిన్ వృథా కాలేదు. కణానికి ఆకారం ఇచ్చే ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులను అది గట్టిగా పట్టుకుని విడవదు. దానికి మెరిసే రంగు ఒకటి తగిలించి కణాల మీద పోస్తే, సూక్ష్మదర్శినిలో ఆ పోగులన్నీ వెలుగుతూ కనిపిస్తాయి. కణశాస్త్ర ప్రయోగశాలలలో ఇది ఈనాటికీ రోజువారీ సరుకే.

అమానిటిన్ చేసే పని ఏమిటో 1970 ప్రాంతంలో తేలింది. డీఎన్ఏలోని సమాచారాన్ని చదివి ఆర్ఎన్ఏ ప్రతిని రాసే యంత్రాలలో ముఖ్యమైనది ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 2. నిమిషానికి వేల అక్షరాలు రాసే ఆ ఎంజైమును ఆల్ఫా అమానిటిన్ నిమిషానికి కొద్ది అక్షరాల స్థాయికి దించివేస్తుంది. లాకు తలుపు సందున రాయి ఇరుక్కుంటే వెనుక పడవలన్నీ కాలువలోనే నిలిచిపోయినట్టు, కణంలో కొత్త ప్రోటీన్ల తయారీ ఎక్కడికక్కడ ఆగిపోతుంది. దీని సోదర ఎంజైములలో పాలిమరేజ్ 3 ఎక్కువ మోతాదుకు గాని లొంగదు, పాలిమరేజ్ 1 అసలే లొంగదు. ఆ తేడా వల్ల, కణంలోని ఏ ఆర్ఎన్ఏను ఏ యంత్రం రాసిందో తేల్చుకోవడానికి శాస్త్రవేత్తలకు ఈ విషమే పనిముట్టయింది. అమానిటిన్ ఆ ఎంజైములో సరిగ్గా ఎక్కడ ఇరుక్కుంటుందో 2002లో రోజర్ కోర్న్‌బర్గ్ బృందం స్ఫటిక చిత్రంలో చూపింది. జన్యు సమాచారం ప్రతి తయారయ్యే తీరును వివరించినందుకు ఆయనకు 2006లో నోబెల్ వచ్చింది.

తరువాతి కథను త్వరగా చెబుతాను. ఎనిమిది అమైనో ఆమ్లాలు వలయంగా ముడిపడి, మధ్యలో మరొక వంతెనతో బిగిసిన ఈ అణువును పుట్టగొడుగు ఎలా తయారుచేస్తుందో 2007లో అమెరికాలోని మిషిగన్‌లో బయటపడింది: సుమారు 35 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్‌గా దానిని మామూలుగానే రాసుకుని, తరువాత కత్తిరించి ముడివేస్తుంది. అటువంటి జన్యువులు ఆ జాతిలో ఒకటి రెండు కాదు, ఒక కుటుంబమే ఉంది, అంటే ఇంకా ఎవరూ వేరుచేయని వలయాలు అక్కడ ఉన్నాయని జన్యువులను చదివే చెప్పవచ్చు. ఈనాటి అన్వేషణలో కొంత ఈ దారినే నడుస్తోంది. 2018లో కెనడాలోని వాంకూవర్ రసాయనవేత్తలు అమానిటిన్‌ను పుట్టగొడుగుతో పని లేకుండా ప్రయోగశాలలోనే పూర్తిగా సంశ్లేషించారు. మైలోమా అనే మజ్జ క్యాన్సరు కణాన్ని మాత్రమే గుర్తుపట్టే ప్రతిరక్షకానికి (యాంటీబాడీకి) అమానిటిన్‌ను కట్టి పంపే మందు ఒకటి జర్మనీ సంస్థ ద్వారా రోగులపై పరీక్షలలో ఉంది.

కెమిస్ట్రీ విద్యార్థిని కనుక మీకు ఇంకొక సంగతి. జపానులో రుసులా సబ్‌నైగ్రికన్స్ అనే పుట్టగొడుగు తిన్నవారి కండరాలు కరిగిపోయి మరణాలు సంభవించాయి. సారం విషమే, కానీ దానిని చిక్కబరిచేకొద్దీ విషం మాయమయ్యేది. మూడు కార్బన్ల వలయంలో ద్విబంధం ఉన్న ఒక చిన్న ఆమ్లం అందులో ఉండేది. గాఢత పెరిగితే అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి వేరొక పదార్థంగా మారేవి. ఆ సంగతి గ్రహించి, చిక్కబరచకుండానే పట్టుకుని, 2009లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. ద్రావణిని ఆవిరి చేయడం తప్ప వేరే పని లేదనుకుని ఆ యంత్రం ముందు కునుకు తీసే నా పూర్వ విద్యార్థులకు ఈ కథ చెప్పేవాణ్ణి.

ప్రశ్న: మాది పెనుమంట్ర మండలం. స్వర్ణ చేలో పాముపొడ తెగులుకు అజాక్సీస్ట్రోబిన్ ఉన్న మందు కొట్టించాను. పుట్టగొడుగు నుంచి తీసిన మందని కొట్టువాడు చెప్పాడు. పుట్టగొడుగూ బూజు జాతే కదా, బూజును బూజు మందు చంపడమేమిటి? మమ్మల్ని నమ్మించడానికి అన్నాడా?

జవాబు: కొట్టువాడు చెప్పినదానిలో సగం నిజం ఉందండీ. స్ట్రోబిల్యూరస్ టెనసెల్లస్ అనే చిన్న పుట్టగొడుగు ఐరోపాలో రాలిపడిన పైన్ కాయల మీద లేస్తుంది, విషపుది కాదు. ఒక్క కాయ మీద బతకవలసిన ఆ గొడుగు, అదే కాయకు పోటీ వచ్చే ఇతర శిలీంధ్రాలను తరిమేందుకు ఒక పదార్థాన్ని వదులుతుంది. టిమ్ ఆంకె, వోల్ఫ్‌గాంగ్ స్టెగ్లిఖ్ తమ సహచరులతో కలిసి 1977లో దానిని వేరుచేసి, ఆ గొడుగు పేరు మీదనే స్ట్రోబిల్యూరిన్ అన్నారు. అది కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్ల ప్రవాహాన్ని ఒకచోట అడ్డుకుంటుంది. తెగులు బూజుకు ఊపిరి ఆగినట్టవుతుంది. తాను వదిలిన విషం తనకే తగలకుండా ఆ పుట్టగొడుగు తన ఎంజైములో ఆ చోటును కొద్దిగా మార్చుకుని కూర్చుంది. బూజును బూజు మందు ఎలా చంపుతుందన్న మీ ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది.

తక్కిన సగం ఏమిటంటే, పుట్టగొడుగు తయారుచేసిన అసలు పదార్థం ఎండ తగిలితే నిలవదు. పైన్ చెట్ల నీడలో దానికి ఆ అవసరం రాలేదు గాని, మన చేలో అది ఒక్క పూట కూడా ఆగదు. అందుకని రసాయనవేత్తలు దాని నమూనా మీద, వెలుతురుకు తట్టుకునే అణువులను కర్మాగారంలో నిర్మించారు. వాటిలో ఒకటైన అజాక్సీస్ట్రోబిన్ 1996లో మార్కెట్‌లోకి వచ్చింది. మీరు కొట్టిన మందులో పుట్టగొడుగు ముక్క ఏమీ లేదు, దాని ఆలోచన ఉంది.

ఆ పుట్టగొడుగు వేసిన ఎత్తునే తెగులు బూజులూ వేయగలవు. ఎంజైములో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారితే మందు పట్టు జారిపోతుంది, అది చాలా పంటల తెగుళ్లలో ఇప్పటికే జరిగింది. కనుక ఒకే వర్గం మందును వరుసగా కొట్టకుండా, వేరే విధంగా పనిచేసేదానితో మార్చి వాడండి. ఇంకొక మాట: ఈ మందు చేపలకూ రొయ్యలకూ ప్రమాదకరం. మీ వైపు చేను గట్టు దిగితే చెరువే కదా. స్ప్రేయరు కడిగిన నీళ్లు అందులో పడకుండా చూసుకోండి.

మీ స్వర్ణ చేలోనే, ఈనిన తరువాత గింజల చోట పసుపు ఆకుపచ్చ ఉండలు కట్టే మానిపండు తెగులును మీరు చూసే ఉంటారు. ఆ బూజు కూడా యుస్టిలాక్సిన్ అనే వలయపు విషాన్ని తయారుచేస్తుంది. అమానిటిన్ లాగానే దానినీ ముందు చిన్న ప్రోటీన్‌గా రాసుకుని తరువాత కత్తిరిస్తుంది. విషపు పుట్టగొడుగు కోసం అడవికి పోనక్కరలేదని మా మిత్రులు కొందరు అనేది ఇందుకే.

ప్రశ్న: అనపర్తి దగ్గర మాకు కోళ్ల ఫారం ఉంది. కోళ్ల దగ్గుకు వేసే టియాములిన్ కూడా పుట్టగొడుగు మందేనా?

జవాబు: అవును. 1951లో ఒక చిన్న పుట్టగొడుగు నుంచి వేరుచేసిన ప్లూరోమ్యుటిలిన్‌ను కొద్దిగా మార్చి దానిని తయారుచేశారు. ఆ గొడుగూ విషపుది కాదు. అదే కుటుంబానికి చెందిన లెఫాములిన్‌కు మనుషుల న్యుమోనియాకు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. మీరు జాగ్రత్తపడవలసింది మరొకచోట: రక్తపారుడుకు మేతలో మోనెన్సిన్ గాని సాలినోమైసిన్ గాని కలుపుతున్నప్పుడు టియాములిన్ ఇస్తే కోళ్లు చచ్చిపోతాయి. పశువైద్యుని అడగకుండా ఇవ్వకండి.

ప్రశ్న: నేను లంక గ్రామంలో నర్సుగా పనిచేస్తున్నాను. పురుగుమందు తాగినవారికి అట్రోపిన్ పెట్టడం మాకు అలవాటే. ఒక పెద్దాయన పుట్టగొడుగుల కూర తిని చెమటలు, చొంగ, కళ్ల నీళ్లతో వచ్చినప్పుడు పెద్ద ఆసుపత్రిలో ఆయనకూ అట్రోపినే ఇచ్చారు. పుట్టగొడుగు విషానికి ఇదే విరుగుడా?

జవాబు: ఆ పెద్దాయన తిన్న విషానికి అదే విరుగుడు, అన్నిటికీ కాదు. ఆయన ఒంట్లో పనిచేసింది బహుశా మస్కరిన్. దానిని 1869లో ష్మీడెబెర్గ్, కోప్పె అనే ఇద్దరు ఎర్ర టోపీ మీద తెల్ల చుక్కలుండే అమానిటా మస్కేరియా నుంచి వేరుచేశారు, పేరూ అక్కడినుంచే వచ్చింది. నవ్వు వచ్చే విషయమేమంటే, ఆ గొడుగులో మస్కరిన్ ఉన్నది లేశమాత్రం. ఇనోసైబి, క్లిటోసైబి అనే సాదాసీదా గొడుగులలో ఎన్నో రెట్లు ఎక్కువ. నరాల చివరల నుంచి విడుదలయ్యే అసిటైల్‌కోలిన్ ఎక్కడ తగిలి పనిచేస్తుందో, ఆ చోట్లలో ఒక రకానికి మస్కరిన్ నేరుగా తగులుకుంటుంది. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందు అసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమును బంధిస్తుంది గనుక, దారి వేరైనా ఫలితం అదే: చెమట, చొంగ, కన్నీరు, చిన్నబడిన కంటిపాపలు, మందగించిన గుండె. రెండింటిలోనూ అట్రోపిన్ ఆ చోటును ముందుగా ఆక్రమించి నిలబడుతుంది. పురుగుమందు కేసులలో మీరు ఇచ్చే పామ్ ఇంజెక్షనుకు మాత్రం మస్కరిన్ కేసులో పని లేదు, ఎందుకంటే అక్కడ ఎంజైము చెడలేదు.

ఈ విషం లేకపోతే నరాల మందుల శాస్త్రం ఇలా ఉండేది కాదు. 1914లో హెన్రీ డేల్ అసిటైల్‌కోలిన్ చేసే పనులను మస్కరిన్ వంటివి, నికోటిన్ వంటివి అని రెండుగా విడదీశాడు. ఆ పేర్లతోనే అది తగిలే ఆ చోట్లను, అంటే గ్రాహకాలను, నేటికీ పిలుస్తున్నాం. ఆయాసం రోగులకు మీరు నెబ్యులైజరులో వేసే ఇప్రాట్రోపియం పనిచేసేది ఆ మస్కరిన్ గ్రాహకాల మీదనే.

తిన్న రెండు గంటలలోపు ఈ లక్షణాలు కనిపిస్తే మస్కరిన్‌ను అనుమానించవచ్చు. అమానిటిన్‌కు అట్రోపిన్ ఏమీ చేయదు. మత్తు, భ్రమ, పెద్దవైన కంటిపాపలతో వచ్చినవారికి అది కీడు చేయవచ్చు కూడా.

ప్రశ్న: భీమవరంవాసిగా అడుగుతున్నాను. మా ఊళ్లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు పుట్టగొడుగుల మీద పరిశోధన చేశారని ఒక సభలో విన్నాను. నిజమేనా?

జవాబు: ఆయన చేయలేదు గాని, ఆ మాట ఎక్కడినుంచి పుట్టి ఉంటుందో ఊహించగలను. 1895లో మీ ఊళ్లో పుట్టిన సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, విశ్వవిద్యాలయం నుంచి పదవీ విరమణ చేసిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ చేరాడు. ఆ డగ్గర్ తన యౌవనంలో పుట్టగొడుగుల పెంపకం మీద, వాటి విత్తనం తయారీ మీద కృషి చేసినవాడు. డెబ్భై దాటిన వయసులో ఆయన మిస్సోరీ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను వేరుచేశాడు. 1948లో దానిని ప్రకటించారు. స్ట్రెప్టోమైసిస్ చూడడానికి బూజులా ఉంటుంది గాని అది బ్యాక్టీరియా.

సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినోటెరిన్‌కే మన నేటి విషయంతో దగ్గర సంబంధం ఉంది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, కణాన్ని మోసగించి, దాని విభజనను ఆపే విషం అది. రక్త క్యాన్సరుతో ఉన్న పిల్లలకు సిడ్నీ ఫార్బర్ 1947 చివరలో దానిని ఇచ్చి చూశాడు, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. దానికి దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి మీ ఊరి మందుల షాపుల్లోనే అమ్ముతున్నారు.

ప్రశ్న: మా బంధువుకు కాలేయ క్యాన్సరు. విషపు పుట్టగొడుగు పొడిని ఆవగింజంత చొప్పున రోజూ ఇస్తే గడ్డ కరుగుతుందని ఒకాయన ఫోనులో పంపిన వీడియో చూసి, పొడి తెప్పించారు. ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వకండి. ఉన్నది బయట పారేయండి, పశువులు తిననిచోట.

కారణం చెబుతాను. రక్తంలోకి వచ్చిన అమానిటిన్‌ను కాలేయ కణాలు తమ గోడలోని ఒక రవాణా ప్రోటీన్ ద్వారా తామే లోపలికి లాక్కుంటాయి. అందుకే ఆ విషానికి మొదట పోయేది కాలేయం. శాస్త్రవేత్తలు దానిని ప్రతిరక్షకానికి కట్టి పంపుతున్నది అలా కాలేయంలోకి పోకుండా ఉండడానికే. విడిగా మింగితే క్యాన్సరు గడ్డకు చేరేలోగా, ఆ గడ్డ మిగిల్చిన కాస్త కాలేయాన్నీ తినేస్తుంది. మనిషి బరువులో కిలోకు 0.1 మిల్లీగ్రాము ప్రాణం తీయగలదని లెక్క. ఏ పొడిలో ఎంత ఉందో ఆవగింజ చెప్పదు. ప్రయోగశాలల్లో సైతం ఇది సులభంగా సాగలేదు. చీకట్లో మెరిసే ఒక విషపు గొడుగు జాతి నుంచి 1950లో వేరుచేసిన ఇల్లుడిన్‌ను మార్చి ఇరోఫుల్వెన్ అనే క్యాన్సరు మందును తయారుచేశారు. రోగులపై పరీక్షలలో కొందరి కంటిచూపు దెబ్బతింది, ఆ మందుకు ఈనాటికీ అనుమతి రాలేదు. మీ బంధువును చూస్తున్న వైద్యునికి ఆ వీడియో సంగతి దాచకుండా చెప్పండి. ఇప్పటికే ఏమైనా మింగి ఉంటే అది ఆయనకు తెలియాలి.

ప్రశ్న: వెండి చెంచా నల్లబడకపోతే, పసుపు వేసినప్పుడు రంగు మారకపోతే, పురుగు తిన్న గుర్తు ఉంటే ఆ పుట్టగొడుగు మంచిదని మా అత్తగారు అంటారు. ఇవి ఎంతవరకు నిజం? మా గడ్డిమేటులో లేచేవి తినవచ్చా? (రావులపాలెం)

జవాబు: మూడూ నిజం కాదు. అమానిటిన్ వెండితోగాని పసుపుతోగాని ఏ చర్యా జరపదు. పురుగుల మాటకొస్తే, అమానిటాలను తిని హాయిగా పెరిగే ఈగ జాతులు కొన్ని ఉన్నాయి. ఉడికిస్తే విషం పోతుందన్న నమ్మకం ఇంకా ప్రమాదకరం. అది కొన్ని విషాల విషయంలో నిజమే: మీ గడ్డిమేటులో లేచే వరిగడ్డి పుట్టగొడుగులోనే వోల్వాటాక్సిన్ అనే ప్రోటీన్ ఉంది, పరీక్షలలో అది జంతువుల గుండె కండరాన్ని దెబ్బతీసింది. ప్రోటీన్ కనుక వేడికి విడిపోతుంది, కూరలో మిగలదు. అమానిటిన్ బిగించిన చిన్న ముడి. ఉడికించినా, ఎండబెట్టినా విడిపోదు.

గడ్డిమేటు సంగతి కొంచెం నిలబడి ఆలోచించవలసింది. వరిగడ్డి పుట్టగొడుగు చిన్నప్పుడు గుడ్డులా తొడుగులో ఉండి, ఎదిగాక కాడ అడుగున ఆ తొడుగు సంచిలా మిగులుతుంది. అమానిటా ఫల్లాయిడిస్ కూడా సరిగ్గా అలాగే లేస్తుంది. ఇంటి దగ్గర గడ్డి పుట్టగొడుగులు ఏరుకునే అలవాటుతో అమెరికా, ఆస్ట్రేలియాలకు వలసపోయిన ఆసియావారు దానిని చూసి మనదేననుకుని వండుకుని మరణించారు. ఆ జాతికి ఓక్, పైన్ వంటి చెట్ల వేళ్లతో పొత్తు కావాలి గనుక మన కొబ్బరి తోటల్లో దానికి చోటు లేదు; అయితే అమానిటిన్ ఆ ఒక్క జాతి సొత్తు కాదు, గడ్డిలో లేచే కొన్ని చిన్న లెపియోటా గొడుగులలోనూ ఉంటుంది. మన దేశంలోనే, 2022 ఏప్రిల్‌లో ఎగువ అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు. మీకు తినాలనిపిస్తే విత్తనం తెచ్చి గడ్డి మీద మీరే పెంచుకోండి, లేదా పాల పుట్టగొడుగులు, ముత్యపు చిప్ప పుట్టగొడుగులు కొనుక్కోండి.

ఎవరైనా తిని వాంతులు పట్టుకుంటే, ఎన్ని గంటలకు తిన్నారన్నది మొదట రాసిపెట్టుకోండి. తిన్న ఆరు గంటల తరువాత మొదలైన వాంతులు, విరేచనాలు వెంటనే మొదలైనవాటికన్నా భయపడవలసినవి. అవి ఒక రోజులో తగ్గి మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు. ఆ సమయంలోనే లోపల కాలేయం చెడుతూ ఉంటుంది, మూడో రోజుకో నాలుగో రోజుకో కామెర్లు బయటపడతాయి. తగ్గిందని ఇంటికి తెచ్చుకోకుండా, 108కి ఫోను చేసి కాలేయ పరీక్షలు చేయగల ఆసుపత్రికే తీసుకువెళ్లండి. మిగిలిన గొడుగులు, తొక్కలు, ఆఖరికి కూర ఉన్నా, కాగితంలో చుట్టి వెంట తీసుకువెళ్లండి. వైద్యులు సిలిబినిన్ వంటివి ఇస్తారు. కంటి, కాలేయ పరీక్షలలో ఎప్పటినుంచో వాడుతున్న ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు అమానిటిన్ నుంచి ఎలుకలను కాపాడిందని 2023లో చైనా పరిశోధకులు చూపారు, కానీ మనుషుల వైద్యంలోకి అది ఇంకా రావలసే ఉంది.

ప్రశ్న: తాతగారికి నమస్కారాలు. నేను ముమ్మిడివరంలో తొమ్మిదో తరగతి. వాన పడ్డాక మా బడి ఆటస్థలంలో అరచేతి కన్నా పెద్ద తెల్ల గొడుగులు లేచాయి. మేము ముట్టుకున్నాము. ఏమైనా అవుతుందా? అవి ఏమిటో మేమే తెలుసుకోవచ్చా?

జవాబు: ముట్టుకుంటే ఏమీ కాదు బాబూ, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. తెలుసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను, పెద్దలు పక్కన ఉండగా చేయండి. బాగా విచ్చుకున్న గొడుగు ఒకటి తీసుకుని కాడ కోసివేయండి. సగం తెల్ల కాగితం, సగం నల్ల కాగితం పక్కపక్కన పెట్టి, వాటి మీద గొడుగును దాని అడుగున ఉండే రేకులు కిందికి ఉండేలా పరచి, పైన గిన్నె బోర్లించండి. మర్నాడు పొద్దున తీస్తే, రేకుల నుంచి రాలిన సిద్ధబీజాలు (విత్తనాల్లా పనిచేసే సన్నని పొడి) కాగితం మీద ముగ్గులా పడి ఉంటాయి. నల్ల కాగితం మీద తెల్లగా కనిపిస్తే అది అమానిటాలు, లెపియోటాలు ఉన్న గుంపు. లేత గులాబీ రంగయితే చెదపుట్ట మీద లేచే గొడుగులు, గడ్డి గొడుగుల గుంపు. గులాబీ వచ్చిందని కూరకు ఇవ్వకూడదు, ఆ గుంపులోనూ విషపువి ఉన్నాయి.

నువ్వు చెప్పిన చోటు, పరిమాణం చూస్తే నీ కాగితం మీద పాచి ఆకుపచ్చ రంగు పడుతుందని నా అనుమానం. అలా పడితే అది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. ఉష్ణదేశాల పచ్చికలలో ఎక్కువమందికి వాంతులు తెప్పించే పుట్టగొడుగు అదే. లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగానే ఉండడం వల్ల జనం మోసపోతారు. అందులో మాలిబ్డోఫిల్లైసిన్ అనే విషపు ప్రోటీన్ ఉన్నదని జపాను వారు 2012లో కనుక్కున్నారు. ఏ రంగు పడిందో, గొడుగు ఎన్ని అంగుళాలుందో, కాడ మీద ఉంగరం ఉందో లేదో రాసి, కాగితాన్ని ఫొటో తీసి పంపు.